మూడో పిలుపు

చెవుల డాక్టరు గంగాలమ్మ తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినిపించగానే చెయ్యెత్తమన్నాడు. మిషన్లో సన్నటి కూత వచ్చింది. గంగాలమ్మ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. రెండోసారి కూత వచ్చింది. ఆమె డాక్టరు మొహంలోకి చూస్తూ కూర్చుంది. మూడోసారికి చెయ్యెత్తింది. శబ్దం పెంచినా అంతే, తగ్గించినా అంతే. ఆమె తరవాత ఆడపడుచు నూకాలు కూర్చుంది. ఆవిడా మూడోసారికే ఎత్తింది. వెనక వరసలో ఉన్న ముసలివాళ్లదీ అదే తీరు. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈ వీధి మొత్తానికి చెవుడేనమ్మా" అన్నాడు.

సత్యశ్రీ కూడా అలాగే అనుకుంది. అందుకే ఆయన్ని పిలిపించింది. ఫిషింగ్ హార్బర్ వెనక, వలలు పెట్టుకునే పాత షెడ్డులో కొత్తగా పెద్దల కేంద్రం తెరిచారు. బీపీ, షుగరు చూడడం, కీళ్లకి వ్యాయామం, మధ్యాహ్నం భోజనం, పింఛను వేలిముద్ర, ఆస్పత్రికి ఆటో, అన్నీ అక్కడే. ఒక్కో దానికి ఒక్కో ఆఫీసు గుమ్మం ఎక్కే పని లేదు. ఒంటరిగా ఉండేవాళ్ల ఇళ్ల ముందు రోజూ పొద్దున్నే నిలబడి పేరు పెట్టి పిలవడం కూడా అందులో ఒక పని. అది సత్యశ్రీది. పద్మనాభం దగ్గర వరి పండించే ఇంటి పిల్ల. రోజూ బస్సులో వచ్చేది. ఒకసారి పిలిచేది, కాసేపు ఆగి రెండోసారి పిలిచేది, జవాబు రాకపోతే తలుపు తోసుకుని లోపలికి వెళ్లేది. లోపలి మనిషి మంచం మీద కూర్చుని ఆమె వంకే చూస్తూ ఉండేది. ఏ ఇంట్లో చూసినా ఇదే.

"మామ్మా, నిజం చెప్పు. మొదటి కూత వినపడలేదా?" అనడిగింది సత్యశ్రీ.

"వినపడకేటి? సెవులో దోమ దూరినట్టు వినపడింది" అంది గంగాలమ్మ.

"మరి చెయ్యెత్తలేదేం?"

"ఎత్తినాను గదా, మూడోపాలికి."

సత్యశ్రీకి అర్థం కాలేదు. నూకాలు నోట్లో ఆరిన చుట్ట అటు నుంచి ఇటు మార్చుకుంది.

"ఓసి గుంటా, నీకెవులూ సెప్పనేదేటి? సముద్రంలో పోయినోలు రెండుపాల్లే పిలగ్గలరు. మూడోపాలికి ఆల్లకి ఊపిరుండదు. బతికున్నోలైతే మూడుపాల్లు పిలుత్తారు. తెలకుండా ఒకటోదానికో రెండోదానికో పలికీసినామంటే ఇంకంతే, కూడా లాక్కుపోతారు."

"మా ఊళ్లో ఇలాంటిదేం లేదు మామ్మా."

"మీ కాడ సముద్రం నేదు గదా."

డాక్టరు నవ్వాడు. "మిషన్‌కి దయ్యం పట్టదమ్మా."

"మీ మిషన్ని నానెరగను బాబూ" అంది నూకాలు.

ఆ మర్నాటి నుంచి సత్యశ్రీ ప్రతి గుమ్మం ముందూ మూడుసార్లు పిలవడం నేర్చుకుంది. వీధి పలకడం మొదలుపెట్టింది.

గంగాలమ్మది భీమిలి అవతల పల్లె. ఆ పల్లెలోనూ ఈ భయం ఉంది గానీ ఈ వీధిలో ఉన్నంత పట్టింపు లేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్త ఒక్కసారి పిలవగానే "ఓయ్" అని పరిగెత్తేది. నూకాలే చెయ్యి పట్టి ఆపి నేర్పింది. తరవాత అది ఒంటికి పట్టేసింది. నెత్తిన గంప పెట్టుకుని, బస్సెక్కి స్టీలు ప్లాంటు క్వార్టర్లలో చేపలమ్మిన రోజుల్లో, మేడ మీంచి ఎవరైనా "చేపలమ్మా" అని ఒకసారి కేకేస్తే వెనక్కి తిరిగేది కాదు. దీనికి పొగరు అనుకున్నవాళ్లు వేరేవాళ్ల దగ్గర కొనుక్కున్నారు. అలవాటైనవాళ్లు మూడుసార్లు పిలిచారు. మోకాళ్లు అరిగి గంప దించేసేదాకా ఆమె బేరం ఆ మూడో కేక మీదే నడిచింది.

ఆమె మొగుడు అర్జునరావుకి తెప్ప ఉండేది. వేట నుంచి వచ్చి అలల్లో ఉండగానే గంప తెమ్మని ఒడ్డుకి వినపడేలా కేకేసేవాడు. "గంగీ" అని చివర సాగదీసి, కొంచెం బొంగురుగా, మూడుసార్లు. ఆమెని గంగీ అని పిలిచేవాళ్లు ఇద్దరే. అతనూ, అతని అక్క నూకాలూ. ఇద్దరిదీ ఒకటే గొంతు. చీకట్లో ఎవరు పిలిచారో పోల్చుకోలేక, తమ్ముడనుకుని అక్క మీద విసుక్కున్న రోజులున్నాయి. అప్పట్లో అది నవ్వుకునే మాట.

ఒక గాలివానకి మిగతా తెప్పలన్నీ తిరిగొచ్చాయి. అతని తెప్ప దుంగలు విడిపోయి రుషికొండ వైపు ఒడ్డున పడ్డాయి. మనిషి దొరకలేదు. చూసి చూసి, పెద్దలు దర్భలతో బొమ్మ చేసి చెయ్యాల్సింది చేశారు. గాజులు తీయించారు. ఆమెకి పిల్లలు నిలవలేదు. మళ్లీ మనువాడమని పుట్టింటివాళ్లు అడిగితే వెళ్లలేదు. ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ ఏడాది నుంచే వినపడడం మొదలైంది. రోజూ కాదు. గాలి సముద్రం మీంచి తిరిగి, సందె చీకట్లు పడే వేళ ఎప్పుడో ఒకనాడు. గంగీ. కాస్త ఆగి, గంగీ. అంతే. ఆమె చేస్తున్న పని ఆపి, ఊపిరి బిగబట్టి కూర్చునేది. చూసినవాళ్లు భయపడుతోంది అనుకునేవారు. ఆమెకి భయం లేకపోలేదు. కానీ ఊపిరి బిగబట్టేది మూడో పిలుపు కోసం. మూడోది వచ్చిందంటే మనిషి బతికున్నట్టే కదా. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, నూకాలుతో కూడా. ఏళ్లు గడిచాయి, జుట్టు తెల్లబడింది. మూడోది రాలేదు. అయినా సందెవేళ ఆమె తలుపు పూర్తిగా మూసేది కాదు.

కేంద్రంలో ఆ ఏడు ఎండాకాలం ఒక సమావేశం పెట్టారు. వీధిలో కుర్రాళ్లు రుషికొండ హోటళ్లకీ, కంపెనీలకీ వెళ్లిపోతున్నారు, ఇంకొన్నేళ్లకి ఇక్కడ మిగిలేది పెద్దవాళ్లే, అప్పుడు ఎవరికి ఎవరు ఆసరా అన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలని సత్యశ్రీ చెప్పింది. షెడ్డు నేల మీద ముగ్గుపిండితో వీధి గీయించింది. అందులో ఒక్కో ఇంటికీ గుర్తు పెట్టించింది. "మీ ఇంట్లోంచి కేకేస్తే ఏ ఇంటికి వినపడుతుందో అక్కడికి గీత గియ్యండి" అంది. నర్సు, మందులు, భోజనం, ఆటో కేంద్రం చూసుకుంటుంది. రాత్రీ పగలూ మిగిలిన వేళల్లో మాత్రం పిలుపు అందే దూరంలో ఒక మనిషి ఉండాలి. ఆవిడ వేసుకొచ్చిన ప్లాను అదీ.

గంగాలమ్మ వంగలేక, చేతికర్రతోనే పిండిని లాగి తన ఇంటి నుంచి ఎదురింటికి గీత గీసింది. ఎదురిల్లు నూకాలుది. మధ్యలో ఉన్నది రెండు సైకిళ్లు పట్టని సందు.

"మా ఇద్దరి మద్దెన గీత ఎందుకే? నాను దగ్గితే దానికి నిద్దర పట్టదు" అంది నూకాలు.

"నువ్వు దగ్గితే హార్బర్లో బోట్లకే నిద్దర పట్టదు ఒదినా" అంది గంగాలమ్మ.

అందరూ నవ్వారు. ఆ గీత అన్నిట్లోకీ పొట్టిది, గట్టిది అని సత్యశ్రీ మెచ్చుకుంది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం గంగాలమ్మ బియ్యం చెరుగుతోంది. కరెంటు లేదు. జల్లు కొడుతోందని ఆ పూట తలుపు గడియ పెట్టింది. సందులో వాన నీళ్లు పారుతున్న చప్పుడు. అందులోంచి వచ్చింది.

గంగీ.

చేతిలో చేట ఆగిపోయింది. గొంతు ఎప్పటికన్నా దగ్గరగా ఉంది. ఎప్పటికన్నా నీరసంగానూ ఉంది. ఆమె లేచి, గోడ పట్టుకుంటూ తలుపు దాకా వెళ్లింది. గడియ మీద చెయ్యి వేస్తే చేతి వెండి కడియం చప్పుడైంది.

గంగీ.

ఇంత దగ్గరగా ఎన్నడూ వినలేదు. మూడోది ఈసారి వస్తుందనిపించింది. నుదురు తలుపుకి ఆనించి నిలబడింది. వాన హోరు పెరిగింది, తగ్గింది. కాళ్లు పీకి, తలుపు దగ్గరే కూలబడింది. మూడోది రాలేదు. చాలాసేపటికి లేచి, ఒలికిన బియ్యం చీకట్లోనే ఎత్తుకుంది.

పొద్దున్న సత్యశ్రీ నూకాలు గుమ్మం ముందు నిలబడి మూడుసార్లు పిలిచింది. లోపల్నుంచి మూలుగు వినపడింది. నూకాలు పొయ్యి పక్కన, తడి నేల మీద, కాలు ఒక పక్కకి తిరిగిపోయి పడి ఉంది. రాత్రంతా అక్కడే ఉంది. సత్యశ్రీ కేకలకి వీధి కదిలింది. ఆటో వచ్చింది. గంగాలమ్మ సందులో నిలబడి, వదినని దుప్పటిలో మోసుకుపోతుంటే చూసింది. రాత్రి ఏదైనా వినపడిందా అని సత్యశ్రీ అడగబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్లిన రోజు గంగాలమ్మ మంచం పక్కన నిలబడిందే గానీ కూర్చోలేదు.

"కూకోయే" అంది నూకాలు.

గంగాలమ్మ కూర్చుంది.

"రెండుపాల్లు పిలిసినాను. మూడోపాలికి నోరు రానేదు."

"ఇన్నాను."

"నాకు తెలుసు ఇన్నావని. తలుపు కాడ నీ కడియం సప్పుడైంది." నూకాలు పై కప్పు చూస్తూ మాట్లాడుతోంది. "నువ్వు పలకవని కూడా తెలుసు. నేర్పింది నానే గదేటి."

గంగాలమ్మ తను తెచ్చిన చుట్టని నర్సు చూడకుండా తలగడ కింద పెట్టింది.

ఆ తరవాత ఇంట్లో ఆమెకి సందెవేళలు మారిపోయాయి. ఇప్పుడు రెండు గొంతులు వినపడుతున్నాయి. ఒకటి పాతది. రెండోది ఆ వానలోది. రెండూ ఒకటే గొంతు కాబట్టి ఏది ఎవరిదో తేల్చుకోలేకపోయేది. అన్నం కలుపుకుంటూ ఆగిపోయేది. ఎదురుగా నూకాలు ఇంటికి తాళం వేసి ఉండేది. తాళం వేసిన ఇంట్లోంచి కూడా వినపడేది.

నూకాలు కొడుకు సింహాద్రి రుషికొండలో ఒక హోటల్ కారు నడుపుతాడు. ఇరుకు గదిలో పెళ్లాం, పిల్లలు, అత్తగారు. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేస్తారనగా కేంద్రానికి వచ్చాడు. తగరపువలస దాటాక ఒక వృద్ధాశ్రమం ఉందని, శుభ్రంగా ఉందని, తల్లిని అక్కడ చేరుస్తానని చెప్పాడు. నూకాలు మాత్రం ఇంటికే తీసుకెళ్లమంటోంది. ఆశ్రమం గదిలో పడుకుంటే సముద్రం వినపడదట. వినపడని చోట ఉంటే చచ్చిపోతానంటోంది.

"ఇంటికాడే ఉండొచ్చు అన్నా" అంది సత్యశ్రీ. "పొద్దున్న నర్సు వచ్చి కట్టు చూస్తుంది. వ్యాయామం చేయించడానికి మనిషి వస్తాడు. భోజనం ఇక్కడి నుంచే పంపిస్తాం. సాయంత్రం నేను వెళ్లే ముందు చూసి వెళ్తాను."

"మిగతా టైములో? మల్లీ పడిపోతే?"

సత్యశ్రీ కాలింగ్ బెల్ పెడదామంది. సింహాద్రి నవ్వాడు. "ఉప్పు గాలికి ఇక్కడ ఇనప తలుపులే నిలవడం లేదమ్మా. ఫోనంటావా, అమ్మకి బొత్తం దొరికేసరికి తెల్లారిపోతాది." అతను గంగాలమ్మ వైపు తిరిగాడు. కోపంగా ఏమీ లేడు. అలిసిపోయి ఉన్నాడు. "అత్తా, నాకు నీ మాట కావాల. అమ్మ ఒక్కపాలి పిలిత్తే పలుకుతావా? మూడుపాల్లు కాదు. ఒక్కపాలి. పలుకుతానంటే ఇంటికి తెచ్చీత్తాను. నేకపోతే రేపు బండి తగరపువలస ఎల్తాది. సెప్పు."

నేల మీద ముగ్గుపిండి గీతలు ఎండాకాలం అడుగులకే చెరిగిపోయాయి. అయినా గంగాలమ్మ ఆ గీత ఎక్కడుందో చూస్తున్నట్టు నేలకేసి చూసింది. ఒకసారికే పలకడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. వచ్చేది ఏ గొంతో చూసుకునే వీలుండదు. రెండోది వినడానికి ఆగకూడదు. మూడోదాని సంగతి ఇక లేనే లేదు. తలుపు ఓరగా పెట్టుకుని ఇన్నేళ్లు కూర్చున్నది ఆ మూడోదాని కోసమే.

"భయమైతే భయమని సెప్పీ అత్తా. తప్పు నేదు."

"భయం కాదురా" అంది.

సత్యశ్రీ మధ్యలో కలగజేసుకోబోతే సింహాద్రి చేత్తో వారించాడు. అతనికి జవాబు ఆమె నోటి నుంచే కావాలి. బయట ఐసు లారీ వెనక్కి వస్తూ కూతలు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఇంకా పెడుతూనే ఉంది.

"తీసుకొచ్చీ" అంది గంగాలమ్మ. "పలుకుతాను. ఒక్కపాలికే పలుకుతాను."

నూకాలుని తెచ్చారు. మంచం కిటికీ పక్కకి జరిపారు. సందులోకి చూస్తే గంగాలమ్మ గుమ్మం కనపడుతుంది. మొదటి రోజుల్లో గంగాలమ్మ అటు నుంచి పిలుపు రాకముందే నాలుగైదు సార్లు వచ్చి తొంగి చూసి పోయేది.

"పిలవనీవేటే నన్ను?" అని తిట్టింది నూకాలు. "నా నోటికి పనుండొద్దా?"

తరవాత పిలవడం మొదలైంది. గంగీ అనగానే ఓయ్ అని ఇటు నుంచి. నీళ్లకి, పక్కకి ఒత్తిగిల్లడానికి, చుట్ట వెలిగించడానికి, ఒక్కోసారి ఊరికే. ఓయ్ అన్నాక చెప్పుల్లో కాలు పెట్టినా, పిలిచింది వదినేనన్న నమ్మకం గంగాలమ్మకి ఉండేది కాదు. సందు దాటి వదిన మొహం చూశాక కుదుటపడేది. సందె చీకట్లలో పిలిచినప్పుడు మరీను. అయినా ఒక్కసారి కూడా రెండో పిలుపు దాకా ఆగలేదు. సత్యశ్రీ పొద్దున వచ్చి ఇద్దరినీ మూడేసి సార్లు పిలుస్తుంటే, "ఒక్కపాలి సాలే, గొంతెందుకు నొప్పెట్టుకుంటావు" అని నూకాలు వేళాకోళం చేసేది.

వానలు వెనకబట్టి ఎండ కాసిన ఒక మధ్యాహ్నం. కేంద్రం భోజనం డబ్బాలు వచ్చి వెళ్లాయి. వీధిలో మనిషి లేడు. ఆడవాళ్లు హార్బర్లో వేలానికి వెళ్లారు. వల నీడలో కుక్క కూడా పడుకుంది. సందు నిండా ఎండ తెల్లగా పరుచుకుంది. గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని ఎండు చేపల మీద ఈగలు ముసరకుండా తోలుతోంది.

గంగీ.

"ఓయ్" అంది. "ఒత్తన్నా ఒదినా."

కర్ర అందుకుని లేచింది. సందు దాటింది. ఎండకి కళ్లు బైర్లు కమ్మాయి. తలుపు తోసి లోపలికి వెళ్లింది. నూకాలు గోడవైపు తిరిగి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. భుజం పైకీ కిందికీ ఆడుతోంది.

గంగాలమ్మ అక్కడే నిలబడిపోయింది. వెనక్కి తిరిగి సందులోకి చూసింది. ఎండ తప్ప ఏమీ లేదు. కర్ర గోడకి ఆనించబోతే జారి నేల మీద పడింది.

నూకాలు కళ్లు తెరిచింది. "ఏటే?"

"పిలిసినావని."

"నాను పిలవనేదే."

గంగాలమ్మ మంచం పట్టె మీద చెయ్యి వేసి నెమ్మదిగా కూర్చుంది. నూకాలు ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. నిద్రమత్తు పూర్తిగా పోయింది.

"పలికీసినావా?"

"పలికీసినాను."

సముద్రం వినపడుతోంది. నూకాలు దుప్పట్లోంచి చెయ్యి తీసి గంగాలమ్మ మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి, అయినా పట్టు గట్టిగా ఉంది.

"మల్లీ పిలిసినాడేటి?"

గంగాలమ్మ తల అడ్డంగా ఊపింది. మంచం కింద చెంబులో నీళ్లు తీసి, సగం తాగి, మిగతా సగం వదినకిచ్చింది.

"రెండోపాలి పిలవనేదు" అంది. "పలికీసినాను గదా."